బొండ్రుగుడకి దారి

అరకు ఎలా ఉందని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. గడ్డం గీయించుకుందామని కూర్చుంటే మంగలి అడుగుతాడు. నూనెకి వెళ్తే గానుగ దగ్గర అడుగుతారు. రెండు మాటల్లో చెప్పి తప్పించుకుందామంటే కుదరడం లేదు. అందుకని వెళ్ళని వాళ్ళందరికీ ఒకేసారి రాసి పడేస్తున్నాను. కొండలు పచ్చగా ఉన్నాయి. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మనుషులు మంచివాళ్ళు. మేం ఇద్దరం వెళ్ళాం, నేనొక్కణ్ణే తిరిగొచ్చాను.

రెండోవాడు మా బావ పైడయ్య, మా నారాయణమ్మక్క మొగుడు. విజయనగరం చుట్టుపక్కల రాతిపనిలో ఆయన చెయ్యి పడని వంతెన తక్కువ. రాయి మీద సుత్తితో ఒక్కటి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. అక్షరం ముక్క మాత్రం రాదు. నాకు రాయి సంగతి అంతంతమాత్రం. కాని కుర్రతనంలో సర్వే వాళ్ళ దగ్గర రెండేళ్ళు గొలుసు లాగాను, పటం చదవడం నేర్చుకున్నాను. అందుకే గుత్తేదారు మా ఇద్దర్నీ కలిపి పంపాడు. కొండల మీద మూడు చోట్ల పని. ఒక తూము, ఒక గోడ, చివర బొండ్రుగుడ అనే ఊరి దగ్గర గెడ్డ మీద కాలివంతెనకి నాలుగు రాతి స్తంభాలు.

బయల్దేరిన రోజు అక్క గుమ్మంలో నిలబడి నాతో ఒకటే మాట అంది. "పని ఆయనకి తెలుసు, దారి నీకు తెలుసు. ఆయన్ని జాగర్తగా ఎనక్కి తీసుకురా అప్పన్నా."

శృంగవరపుకోట

కోటలో బండి మార్చుకోవడానికి ఒక పూట ఆగాం. ఘాటు ఎక్కే ఎడ్లు వేరు, కింద తిరిగే ఎడ్లు వేరు. పూటకూళ్ళ ఇంట్లో అణాకి అన్నం, పప్పుచారు, వంకాయ పచ్చడి పెట్టారు. పచ్చడి కోసం బావ మూడుసార్లు అన్నం అడిగాడు, ఇంటావిడ మొహం ముడుచుకుంది. "కొండెక్కితే మళ్ళీ ఇలాటి పచ్చడి దొరకద్దేటమ్మా" అని ఆయన దీనంగా అంటే ఆవిడ నవ్వేసి నాలుగోసారి కూడా వడ్డించింది.

గుత్తేదారు ఇచ్చిన పటం అక్కడే మొదటిసారి పూర్తిగా విప్పాను. గుడ్డ మీద అంటించిన పెద్ద పటం, అంగుళానికి మైలు లెక్కన గీసింది. గెడ్డలు నీలం గీతలు, కొండలు గోధుమరంగు గీతలు, ఊరికో చిన్న చుక్క, పక్కన ఇంగ్లీషులో పేరు. బావ వంగి చూసి, "ఇందులో మనం ఎక్కడున్నాం?" అన్నాడు. చూపించాను. "మనం కనబడమేటి?" అన్నాడు. ఆ వెటకారం నాకు నచ్చలేదు.

ఘాటు రోడ్డు

ఘాటు మీద రెండు రోజులు. మలుపు తిరిగినప్పుడల్లా కింద మైదానం ఇంకొంచెం చిన్నదవుతుంది. చెట్ల కింద జలగలు. బావ పంచె విప్పి దులిపి ఏడు లెక్కపెట్టాడు. ఉప్పు రాస్తే ఊడతాయని బండివాడు చెప్పాడు. ఉప్పు కొండమీద బంగారంతో సమానమని చెబుతూనే మా ఉప్పే వాడేశాడు.

మొదటి పని అనంతగిరి దాటాక, వానకి చెడిన తూము. పటంలో గెడ్డ రోడ్డును దాటే చోటు గుర్తుపెట్టుకుని, దిక్సూచి చూసుకుని, "ఇంకో రెండు మలుపులు" అన్నాను. రెండో మలుపు తిరగ్గానే తూము ఎదురుగా ఉంది. బండివాడు నోరు తెరిచాడు. నా ఛాతీ ఉబ్బింది. బావ మాత్రం తూము రాళ్ళు తట్టి చూసి, "కట్టినోడు తాగి కట్టాడు" అని పనిలో దిగిపోయాడు.

అక్కడ ఆరు రోజులు. దగ్గరి ఊరివాళ్ళు మామిడి టెంకల పిండితో కాచిన అంబలి తెచ్చి ఇచ్చారు. టెంకలు పగలగొట్టి, జీడి ఎండబెట్టి, ఏటి నీళ్ళలో నానేసి వగరు తీస్తారట. మన దగ్గర టెంక పెరట్లోకి విసిరేస్తాం. వాళ్ళు దాన్నే కరువుకాలానికి దాచుకుంటారు. నాకు సయించలేదు, బావ రెండు దొప్పలు తాగాడు.

రెండో పనికి కూడా పటం చూపించినట్టే వెళ్ళాం. అరకు లోయలో, రోడ్డు కింద కొట్టుకుపోయిన గోడ. ఇక నాకు పట్టపగ్గాల్లేవు. దారిన పోయేవాణ్ణి ఎవర్నీ దారి అడగనవసరం లేదని బావతో చెప్పాను. "అడిగితే నీ సొమ్మేటి పోద్దిరా" అన్నాడాయన. పటం ఉన్నవాడు అడిగితే పరువు తక్కువ అన్నాను. నిజంగానే అన్నాను ఆ మాట.

సంత

లోయంతా వలిసెలు పూసి ఉన్నాయి. ఎటు చూసినా పసుపు. అటువంటి చోట మనిషికి చెడు జరుగుతుందని ఎవరనుకుంటారు? గోడ పని ముగిసిన మర్నాడు సంత రోజు. బావకి పొద్దున్నుంచే ఒళ్ళు నొప్పులు. ఎండలో కూర్చుని కూడా గొంగళి కప్పుకున్నాడు. మన్యం జ్వరం అంటే ఏమిటో విన్నవాణ్ణే, అయినా పని అలసట అనుకున్నాను.

సంతలో కోడిపెట్ట మూడణాలు. మా ఊళ్ళో ఆరణాలకి తక్కువ రాదు. పిప్పళ్ళు, పసుపు కొమ్ములు, చింతపండు, అడ్డాకులు తట్టల్లో పోసి కొండ ఆడవాళ్ళు కూర్చుంటారు. చాలామంది డబ్బు ముట్టుకోరు, ఉప్పుకే మారుస్తారు. కింద నుంచి వచ్చిన వర్తకుడు ఉప్పు కొలిచేటప్పుడు బొటనవేలు కుంచం లోపల పెడతాడు, పిప్పళ్ళు కొలుచుకునేటప్పుడు బయట పెడతాడు. వాళ్ళకి ఆ సంగతి తెలుసు, ఏమీ అనరు. నాకు కోపం వచ్చింది. వచ్చి ఏం లాభం, నేనూ ఏమీ అనలేదు.

బావ కూర్చున్న చోటు పక్కనే ఉప్పు మూట కట్టుకుంటున్న ఒకావిడ ఆయన్ని పరకాయించి చూసింది. నలభై ఏళ్ళుంటాయి. ముక్కుకి మూడు నత్తులు. పేరు బుద్రి. "ఈ బాబుకి సలి ఒచ్చీసినాది" అంది. ఎక్కడికి వెళ్తున్నామో అడిగింది. బొండ్రుగుడ అన్నాను. ఆమె మొహం విప్పారింది.

"అది మా ఊరే బాబూ. రండి, నాతో రండి. రెండు కొమ్మల దూరం."

కొమ్మల దూరం ఏమిటో ఆమే వివరించింది. బయల్దేరేటప్పుడు పచ్చికొమ్మ ఒకటి విరిచి భుజాన వేసుకుంటారు. ఆకులు వాడేదాకా నడిస్తే ఒక కొమ్మ దూరం. నాకు నవ్వొచ్చింది. బావ మాత్రం వణుకుతూనే శ్రద్ధగా అడిగాడు. "వానొస్తే కొమ్మ వాడదు గదమ్మా. అప్పుడు ఊరు దూరమైపోద్దా?"

"వానలో నడవడం కష్టం కదా బాబూ. దూరమే మరి" అంది బుద్రి. ఆ జవాబు ఆయనకి ఎంత నచ్చిందో. దారి పొడుగునా తలుచుకుని నవ్వాడు.

నేను పటం విప్పి ఆమె ముందు పరిచాను. బొండ్రుగుడ గెడ్డ వార నాలుగు మైళ్ళు, చదునైన దారి. ఆమె చెయ్యి మాత్రం ఎదురుగా ఉన్న కొండ మీదికి చూపిస్తోంది.

"అక్కడ ఊరు నేదు బాబూ. పులి ముగ్గుర్ని తినీసినాది. దిసారి ఆ సోటు ఒద్దన్నాడు. ఊరు లేసి కొండ అవతలికి ఎలిపోనాది."

దిసారి అంటే వాళ్ళకి మంచిచెడులు, రోజులు చూసి చెప్పే పెద్ద. ఆయన మాటంటే మాటే.

"పటంలో ఉంది" అన్నాను.

"ఇది ఎవరు రాసినారు?"

"దొరలు."

"ఎప్పుడు?"

"ఇరవై ఏళ్ళవుతుంది."

"ఇరవై ఏళ్ళు ఊరు ఒక్కసోటే కూకుంటాదేటి?" అంది, పటాన్ని జాలిగా చూసి.

మన దగ్గర ఊరు కదలదు, మనుషులు కదులుతారు. ఊరే లేచి పేరుతో సహా నడిచిపోతుందంటే నా బుర్రకి ఎక్కలేదు. పైగా దొరల మీద లేచిన పితూరీ అణిగి ఎంతో కాలం కాలేదు, కొండవాళ్ళు కొత్తవాళ్ళకి తిన్నగా దారి చెప్పరని గుత్తేదారు హెచ్చరించి పంపాడు. నేనది పట్టుకున్నాను. సున్నం, ఇనుప సామాను, బియ్యం, జ్వరం వస్తే వేసుకోవడానికి క్వినైను మాత్రలు, అన్నీ తీసుకుని గుత్తేదారు మేస్త్రీ మాకన్నా ముందే బొండ్రుగుడ చేరాడు. బావని బేగి అక్కడికి చేర్చాలి. నాలుగు మైళ్ళ చదును దారి ఉండగా ఆమె మాట విని జ్వరం మనిషిని కొండ ఎక్కించడమేమిటి అనుకున్నాను.

మబ్బు పట్టింది. ఉప్పు తడుస్తుందని బుద్రి తొందరపడింది. "నాను ముందెల్తన్నాను. నా ఎనకే రండి" అని మూట నెత్తికెత్తుకుని తనవాళ్ళతో వెళ్ళిపోయింది. బావ కాస్త తేరుకునేదాకా ఆగి మేం గంట తరవాత బయల్దేరాం.

పచ్చికొమ్మ

మైలు నడిచాక దారి రెండుగా చీలింది. ఎడమది గెడ్డ వార చదునుగా పోతోంది. కుడిది కొండెక్కుతోంది. ఎడమ దారికి అడ్డంగా ఒక పచ్చికొమ్మ పడి ఉంది. ఆకులు ఇంకా నిగనిగలాడుతున్నాయి.

బావ ఆగాడు. "ఒరే అప్పన్నా, కొమ్మ ఎవరో ఎట్టినట్టున్నాది."

"గాలికి పడుంటుంది బావా."

"గాలి ఉంటే నీ పటం ఎగిరిపోయేది. ఇరిసినట్టున్నాదిరా, సూడు. తెగినకాడ తడిగా ఉన్నాది."

రాయి లోపలి పగులు వినేవాడికి కొమ్మ విరుపు కనిపించదా? నాకు మాత్రం పటంలో గీత కనిపిస్తోంది. దిక్సూచి ముల్లు కూడా అటే ఉంది. కొమ్మని కాలితో పక్కకి తోసేశాను. బావ గొంగళి దగ్గరికి లాక్కుని నా వెనకాల నడిచాడు.

ఈ ప్రయాణంలో నేను చేసిన ప్రతి పనీ మళ్ళీ చేస్తానేమో గాని, ఆ కాలి తోపు ఒక్కటి వెనక్కి తీసుకోగలిగితే చాలు. ఇంకేమీ అడగను.

పేరున్న చోటు

పటం ఒక్క గజం తప్పలేదు. గెడ్డ ఎక్కడ వంపు తిరగాలో అక్కడే తిరిగింది. వాగు ఎక్కడ కలవాలో అక్కడే కలిసింది. చుక్క ఉన్న చోటికి పొద్దువాలకముందే చేరాం. ఊరొక్కటే లేదు.

రెండు పనస చెట్లున్నాయి. మోకాలెత్తు గడ్డిలో పొయ్యిరాళ్ళు మూడేసి చొప్పున ఉన్నాయి, లెక్కపెడితే పద్నాలుగు ఇళ్ళ పొయ్యిలు. ఆనపపాదు ఒకటి ఎవరూ కోసేవాళ్ళు లేక చెట్టు మీదికి పాకింది. నేను పటం పట్టుకుని అటూ ఇటూ తిరిగాను, ఇంకొంచెం తిరిగితే ఇళ్ళు మొలుస్తాయేమో అన్నట్టు. గొంతు పోయేలా కేకలు వేశాను. కొండ నా కేకే నాకిచ్చింది.

బావ పొయ్యిరాయి మీద కూలబడి దాన్ని వేలి కణుపుతో తట్టి చూశాడు. "మంచి రాయి" అన్నాడు. తరవాత నా మొహం చూసి, "ఊరు ఉన్నాదిరా, ఇళ్ళే నేవు" అని నవ్వబోయాడు. నవ్వు మధ్యలో వణుకు వచ్చి పళ్ళు టకటకలాడాయి. నేను కప్పుకున్నదీ ఆయనకే కప్పాను.

ఆ రాత్రి సంగతి రాయను. వాన పడిందని మాత్రం రాస్తాను.

ఊరున్న చోటు

తెల్లవారేసరికి బావ ఒళ్ళు పెనంలా ఉంది. నన్ను గుర్తుపట్టడం లేదు. అక్కని పిలుస్తున్నాడు, పచ్చడి వేయమంటున్నాడు. వీపు మీద వేసుకుని వెనక్కి నడిచాను. పనిముట్లు అక్కడే వదిలేశాను. దిక్సూచి ఎక్కడ పడిపోయిందో తెలియదు.

చీలిక దగ్గరికి వచ్చేసరికి కొమ్మ నేను తోసిన చోటే ఉంది. వాన పడినా ఆకులు వేలాడిపోయాయి. దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఎందుకో అప్పుడు అర్థమైంది, అది పడ్డ కొమ్మ కాదని.

అప్పుడే కుడి దారిలోంచి నలుగురు మనుషులు దిగి వచ్చారు, వెనకాల బుద్రి. మేం రాలేదని పొద్దున్నే వెతకడానికి బయల్దేరారట. వెదురు బొంగుకి గుడ్డ కట్టి డోలీ చేసి బావని ఎత్తుకున్నారు. నేను ఒట్టి చేతులతో వెనకాల నడిచాను. దారిలో మరో మూడు చీలికలు వచ్చాయి. మూడింట్లోనూ తప్పు దారికి అడ్డంగా ఒక్కో కొమ్మ ఉంది, వాడిపోయి.

"నువ్వేనా పెట్టింది?" అని బుద్రిని అడిగాను.

"నానే. ఎనకాల మీరు ఒస్తారు కదా. మీ ఊల్లో ముందెల్లినోలు దారి మూయరేటి?"

మూయరని చెప్పాను. "మరి ఎనకొచ్చినోలు ఏటైపోతారు బాబూ?" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలియక అడిగింది.

బొండ్రుగుడ కొండ అవతల, ఇంకో గెడ్డ గట్టున ఉంది. పద్నాలుగు ఇళ్ళు, రెండు వరసలు. దారి అడుగుతూ అక్కడికే చేరిన మేస్త్రీ ఎదురొచ్చాడు, క్వినైను తెచ్చాడు. నీళ్ళలో కలిపి పోస్తే పెదవుల పక్కనుంచి కారిపోయింది. మళ్ళీ పోశాం. మూడోసారి కొంచెం మింగాడు. ముందురోజు సాయంత్రం వేసి ఉంటే పని చేసేదేమో అన్నాడు మేస్త్రీ. ఎందుకన్నాడో ఆ మాట. ఎండ నడినెత్తికి వచ్చేసరికి బావ చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. కుడి చెయ్యి. ఉలి పట్టి కాయలు కాసిన చెయ్యి.

నేను ఏడవలేదు. ఊరివాళ్ళు ఏడ్చారు. ఎవరో తెలియని మనిషి కోసం ఆడవాళ్ళు గుండెలు బాదుకుని ఏడ్చారు. ఊరి బయట ఇప్పచెట్టు కింద గొయ్యి తీశారు. తల పక్కన నేను ఒక రాయి పాతాను. చెక్కడానికి చెయ్యి ఆడక మొద్దురాయే పాతాను. ఆయన చూస్తే తిట్టేవాడు.

వంతెన

నన్ను వెళ్ళిపొమ్మని మేస్త్రీ అన్నాడు. వెళ్ళలేదు. ఇదేదో బావ మీద భక్తి అనుకోకండి. అక్క ఎదుటికి వెళ్ళడం కన్నా అక్కడ రాళ్ళు మొయ్యడం తేలిక, అంతే. కొండవాళ్ళతో కలిసి నాలుగు స్తంభాలూ నిలబెట్టాను. ఐదు వారాలు పట్టింది. వాళ్ళు సామ అన్నం, వెదురుకొమ్ముల కూర పెట్టేవాళ్ళు. ఒక్కరు కూడా నన్ను కొమ్మ సంగతి అడగలేదు. అడిగితే బాగుండేది.

రెండో స్తంభం లేస్తుండగా దిసారి వచ్చి చాలాసేపు నేల చూశాడు. జ్వరంతో పరాయి మనిషి పోయిన చోటు ఊరికి మంచిది కాదన్నాడు. ఊరు మళ్ళీ లేవాలి.

నేను బతిమాలాను. సమాధి ఊరి నుంచి దూరంగా మారుస్తానన్నాను. బుద్రి నా పక్కన కూర్చుంది. "నీ మీద కోపం నేదు బాబూ. నీ బావ మీదా నేదు. సోటు బాగునేదు, అంతే."

"ఎక్కడికి పోతారు?"

"దిసారి సూస్తాడు."

నాలుగో స్తంభం మీద ఆఖరి రాయి పెట్టిన వారంలోనే ఇళ్ళు విప్పేశారు. వాసాలు, తలుపులు, రోళ్ళు, కోళ్ళు, దేవత రాయి, అన్నీ భుజాల మీద వెళ్ళిపోయాయి. పొయ్యిరాళ్ళు మాత్రం వదిలేశారు. మేము కట్టిన వంతెన అవతలి గట్టున పద్నాలుగు పొయ్యిలు మిగిలాయి. ఊరు లేచిపోతే గుత్తేదారుకేం, వంతెన అడిగాడు, వంతెన కట్టాం. వంతెన మీంచి ఎవరు నడవాలో పటంలో రాసి లేదు.

బుద్రి అందరికన్నా ఆఖర్న బయల్దేరింది. ఊరి బయటి చీలిక దాకా నాతో వచ్చింది. అక్కడ ఒక పచ్చికొమ్మ విరిచి, ఇప్పచెట్టుకి పోయే దారికి అడ్డంగా పెట్టింది. ఈసారి ఆ కొమ్మకి అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దాన్ని దాటి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

ఇల్లు

ఘాటు దిగడం గురించి చెప్పడానికేమీ లేదు. వలిసె పూలు రాలిపోయాయి. కోటలో పూటకూళ్ళ ఆవిడ, "పచ్చడాయన ఏడీ?" అని అడిగింది. అన్నం వదిలేసి లేచి వచ్చేశాను.

మీలో ఎవరైనా అటు పనికి వెళ్తే పటం తీసుకెళ్ళండి, వద్దనను. కొండలూ గెడ్డలూ ఉన్న చోటే ఉంటాయి. కాని దారికి అడ్డంగా పచ్చికొమ్మ కనబడితే, మీకన్నా ముందు వెళ్ళిన మనిషెవరో మిమ్మల్ని తలుచుకుందని తెలుసుకోండి. దాన్ని కాలితో తోయకండి.

పటం గుత్తేదారుకి తిరిగి ఇచ్చే రోజు పొద్దున్న అక్క అడిగింది. ఇల్లు చేరి పన్నెండు రోజులైంది. అప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

"ఆయన్ని ఎక్కడ పడుకోబెట్టావో చూపించు."

పటం నేల మీద పరిచాను. కొండ అవతలి వైపు అంతా గోధుమరంగు గీతలే. చుక్క లేదు, పేరు లేదు. ఇప్పచెట్టు లేదు. నా వేలు ఆ గీతల మీద తిరిగి తిరిగి ఎక్కడా ఆగలేకపోయింది. అక్క నా వేలినే చూస్తోంది. ఆమెకి చదువు రాదు గాని, అక్షరాలున్న చోటల్లా ఏదో ఊరని తెలుసు.

"బొండ్రుగుడ అన్నావు కదా. ఏది బొండ్రుగుడ?"

గెడ్డ వార పేరు చూపించాను. అది మాత్రం అబద్ధం కాదు, అక్కడ అలాగే రాసి ఉంది.

అక్క ఆ పేరు మీద వేలు పెట్టింది. మెల్లిగా నిమిరింది. "వచ్చే ఏడు నన్ను తీసుకెళ్ళు. దారి నీకు తెలుసు కదా" అంది.

ఆ వేలి కింద ఉన్నవి రెండు పనస చెట్లూ, ఆనపపాదూ, బావ తట్టి చూసిన పొయ్యిరాయీ. ఆయన అక్కడ లేడు. వేలు తియ్యమని అక్కకి చెప్పలేకపోయాను.